పాలిటెక్నిక్ విద్యార్థులను ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కు పంపే ముందు: చట్టం, భద్రత, కాగితాలు

ఏటా ట్రైనింగ్ సీజన్ దగ్గర పడగానే తోటి లెక్చరర్ల నుంచి ఒకే రకం ఫోన్లు వస్తాయి. ‘కంపెనీ వాళ్లు సరే అన్నారు సార్, లెటర్ ఇచ్చి పంపేస్తే సరిపోతుందా?’ సరిపోదు. ఎందుకు సరిపోదో నాకు తెలిసింది ఒక ప్రమాదం తర్వాతే.

కొన్నేళ్ల క్రితం మా విద్యార్థి ఒకడు డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర గ్లవ్స్ వేసుకుని పని చేస్తున్నాడు. తిరుగుతున్న బిట్టుకు గ్లవ్ చుట్టుకుంది. వేలి కొస పోయింది. కంపెనీ వాళ్లు ‘అతను మా రోల్స్‌లో లేడు’ అన్నారు. మెషిన్ నడిపే కాంట్రాక్టర్ ‘నేను పెట్టుకున్న మనిషి కాదు’ అన్నాడు. మా లెటర్ తీసి చూస్తే, పాత ఫార్మాట్ నుంచి ఎవరో దించిన వాక్యం ఒకటి కనిపించింది: ‘విద్యార్థి భద్రతకు కాలేజీదే పూర్తి బాధ్యత.’ కింద మా సంతకం. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు అందరూ తప్పుకుంటుంటే, ఆ పిల్లవాడి తండ్రి ఆసుపత్రి బిల్లు పట్టుకుని మా స్టాఫ్ రూమ్ ముందు నిలబడ్డాడు.

కింద రాసిన పద్ధతి ఆ తర్వాత మేం తయారుచేసుకున్నది. డిప్లొమా ఆరు నెలల ట్రైనింగ్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాను. ఇంటర్ ఒకేషనల్ ఓజేటీకి (ఆన్ ద జాబ్ ట్రైనింగ్), ఐటీఐకి, డిగ్రీ ఇంటర్న్‌షిప్‌లకు కూడా చాలావరకు పనికొస్తుంది. ఎనిమిది వారాల ముందు మొదలుపెడితే టెన్షన్ లేకుండా పూర్తవుతుంది.

## 1. పిల్లవాడు ఎవరి కింద ఉన్నట్టో ముందు తేల్చండి

కంపెనీలో అడుగుపెట్టిన విద్యార్థి మూడింటిలో ఏదో ఒకటి అవుతాడు. ఏదో తేలకపోతే ఇన్సూరెన్స్, పని గంటలు, పరిహారం ఏవీ తేలవు.

విద్యార్థిగా వెళ్లినవాడు. సిలబస్‌లో భాగంగా వెళ్తాడు. మార్కులు కాలేజీ వేస్తుంది. స్టైపెండ్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. డిప్లొమా ట్రైనింగ్ ఎక్కువగా ఈ కోవలోకే వస్తుంది.

అప్రెంటిస్. 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద కాంట్రాక్ట్ రాసి, పోర్టల్‌లో నమోదు చేస్తేనే అప్రెంటిస్. డిప్లొమా, డిగ్రీ పూర్తయ్యాక ఏడాది పాటు చేసేది నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో ఉంటుంది. మన రెండు రాష్ట్రాల వరకు దాన్ని చెన్నైలోని బోర్డ్ ఆఫ్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ చూస్తుంది. ఐటీఐ ట్రేడ్‌ల వాళ్లది అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్. పని చేస్తుండగా అప్రెంటిస్‌కు గాయమైతే పరిహారం ఇవ్వాల్సింది కంపెనీయేనని ఆ చట్టంలోనే ఉంది. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు.

పేరుకు ట్రైనీ, పనికి కార్మికుడు. అసలు చిక్కంతా ఇక్కడే. నేర్పేవాళ్లు ఉండరు. ప్రొడక్షన్ టార్గెట్ ఉంటుంది. సెలవు పెట్టిన హెల్పర్ స్థానంలో మనవాణ్ని నిలబెడతారు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం లాంటి కొన్ని చట్టాలు జీతం ఉందా లేదా అని చూడవు. కానీ కంపెనీ రికార్డులో మాత్రం అతని పేరే ఉండదు.

మీ విద్యార్థి మూడో రకంలోకి జారుతున్నాడేమో తెలుసుకోవడానికి ఒకటే ప్రశ్న వేయండి: రేపు అతను రాకపోతే కంపెనీలో పని ఆగుతుందా? ఆగుతుందంటే అక్కడ జరుగుతున్నది ట్రైనింగ్ కాదు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయని గుర్తుంచుకోండి. 1948 ఫ్యాక్టరీల చట్టం, 1923 పరిహార చట్టం లాంటివి వాటిలో కలిసిపోయాయి. అప్రెంటిస్‌ల చట్టం, బాల కార్మిక చట్టం మాత్రం విడిగానే ఉన్నాయి. కాబట్టి పాత ఫార్మాట్లలోని సెక్షన్ నంబర్లను కొత్త ఒప్పందంలోకి దించకండి. ‘అమల్లో ఉన్న చట్టం ప్రకారం’ అని రాస్తే చాలు.

## 2. వయసు లెక్క చూడండి

పదో తరగతి కాగానే పాలిటెక్నిక్‌లో చేరినవాడికి ట్రైనింగ్ నాటికి పదిహేడు నిండి ఉంటాయి. పద్దెనిమిది నిండకపోవచ్చు. మీసం వచ్చిందా లేదా అని కాదు, పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ చూసి లిస్టు చేయండి. ట్రైనింగ్ మొదలయ్యే రోజుకు పద్దెనిమిది నిండని వాళ్ల పేర్లు ఎర్ర ఇంకుతో విడిగా రాసుకోండి.

ఈ పేర్లకు వర్తించేవి:

- బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించాక, 14 నుంచి 18 ఏళ్ల మధ్య వారిని గనుల్లో, మండే పదార్థాలు, పేలుడు పదార్థాల దగ్గర, చట్టం ప్రమాదకరమని చెప్పిన ప్రక్రియల్లో పెట్టకూడదు.
- మిగతా చోట్ల కూడా మూడు గంటలు పని చేశాక కనీసం గంట విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతితో కలిపి రోజుకు ఆరు గంటలు దాటకూడదు.
- రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని చేయించకూడదు. ఓవర్‌టైమ్ అసలే కూడదు.
- ప్రమాదకర పరిశ్రమల ట్రేడ్‌లలో అప్రెంటిస్‌గా చేరాలన్నా 18 నిండాలి.

‘ఇది ట్రైనింగ్ కదా, పని కాదు కదా’ అనే వాదన కొందరు వినిపిస్తారు. దాని మీద ఆధారపడకండి. పిల్లవాణ్ని ప్రమాదకరమైన పనిలో పెడితే యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఈ సంగతి చెప్తే కంపెనీ హెచ్ఆర్ వాళ్లు కూడా జాగ్రత్త పడతారు.

దీనికి మేం చేసిన సవరణ చిన్నదే. సగం బ్యాచ్ ఐదో సెమిస్టర్‌లో, మిగతా సగం ఆరో సెమిస్టర్‌లో వెళ్లే కాలేజీల్లో, చిన్నవాళ్లను రెండో విడతలో వేయండి. ఆ ఆరు నెలల్లో చాలామందికి పద్దెనిమిది నిండిపోతాయి. అప్పటికీ నిండనివారికి డ్రాయింగ్ ఆఫీసు, క్వాలిటీ ల్యాబ్, స్టోర్స్, సర్వే లాంటి చోట్లు చూడండి. కెమికల్, ఫార్మా ప్లాంట్లకు మాత్రం పంపకండి. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో, 2025 జూన్‌లో పాశమైలారంలో జరిగిన పేలుళ్ల తర్వాత కూడా ఇది విడమరిచి చెప్పాల్సి రావడమే నాకు బాధ.

## 3. కంపెనీకి స్వయంగా వెళ్లి చూసి రండి

ఫోన్‌లో మాట్లాడి, మెయిల్‌లో లెటర్ తెప్పించుకుని సరిపెట్టకండి. జీడిమెట్ల అయినా, విజయవాడ ఆటోనగర్ అయినా ఒక పూట చాలు. హెచ్ఆర్ గదిలో కూర్చుని టీ తాగి రావద్దు. షాప్‌ఫ్లోర్‌లోకి తీసుకెళ్లమనండి. తీసుకెళ్లనంటే అక్కడికే ఆ కంపెనీ సంగతి వదిలేయండి.

నేను వెళ్లినప్పుడు మొదట చూసేది మెషిన్లను కాదు, పనివాళ్ల కాళ్లను. చెప్పులతో తిరుగుతుంటే ఆ షెడ్డులో భద్రత ఎంతో అర్థమైపోతుంది. గోడ మీద ఎన్ని పోస్టర్లున్నా అంతే.

చూడాల్సినవి:

- బెల్టులకు, గేర్లకు, కప్లింగులకు గార్డులు ఉన్నాయా? ఉండి, తీసి పక్కన పెట్టారా?
- ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే మెషిన్ ఆగుతుందా? నొక్కి చూపించమని అడగండి.
- అత్యవసర ద్వారం తెరిచి ఉందా, తాళం వేసి సరుకు అడ్డం పెట్టారా?
- ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ మీద రీఫిల్ తేదీ ఎప్పటిది?
- ఫస్ట్ ఎయిడ్ బాక్స్ తెరిస్తే లోపల ఏముంది? ఒకచోట మాకు అగరుబత్తి ప్యాకెట్ కనిపించింది.
- రసాయనాలు వాడేచోట వాటి సేఫ్టీ డేటా షీట్లు పనివాళ్లకు అందుబాటులో ఉన్నాయా?
- తాగునీరు, మరుగుదొడ్లు, అమ్మాయిలకు విడిగా టాయిలెట్ ఉన్నాయా?
- మన విద్యార్థిని చూసుకునే సూపర్‌వైజర్ ఎవరు? అతనితో నేరుగా మాట్లాడారా?
- విద్యార్థి ఏ పని చేస్తాడు, ఏ మెషిన్ ముట్టుకోడు అన్నది అడిగారా?

చిన్న వర్క్‌షాపుల్లో ఇవన్నీ ఉండవు. అంతమాత్రాన వదిలేయమని కాదు. కొన్ని చిన్న షెడ్లలో యజమాని పక్కనే నిలబడి నేర్పుతాడు. పెద్ద ప్లాంట్‌లో ఆరు నెలలూ మూల కూర్చోబెట్టేవాళ్లూ ఉన్నారు. కానీ గార్డులు, సూపర్‌వైజర్, అత్యవసర దారి మూడూ ఉంటేనే నేను సరే అంటాను.

## 4. ఒప్పందం రాయండి, వాళ్లు పంపింది గుడ్డిగా సంతకం చేయకండి

చాలా కంపెనీలు ఒక ఫార్మాట్ పంపుతాయి. అందులో ఎక్కడో ఒకచోట ‘ట్రైనింగ్ కాలంలో ఏ ప్రమాదం జరిగినా కంపెనీకి బాధ్యత లేదు’ అని ఉంటుంది. తల్లిదండ్రుల దగ్గర ‘మా అబ్బాయికి ఏం జరిగినా మాదే బాధ్యత’ అని బాండ్ పేపర్ మీద రాయించుకోమంటారు. రెండూ ఒప్పుకోకండి. చట్టం యజమాని మీద పెట్టిన బాధ్యతను అలాంటి కాగితంతో తప్పించుకోవడం కుదరదు. అయినా ఆ కాగితం చూసి తల్లిదండ్రులు భయపడి నోరు మూసుకుంటారు. అది రాయించుకునేది కూడా అందుకే.

పద్దెనిమిది నిండనివాడు చేసిన సంతకం ఒప్పందంగా చెల్లదు. 1872 కాంట్రాక్ట్ చట్టం ప్రకారం మైనర్‌కు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. ‘రెండేళ్లు ఇక్కడే పని చేస్తాను’ అనే బాండ్ పదిహేడేళ్లవాడితో రాయించినా అది చిత్తు కాగితమే. అప్రెంటిస్ మైనరైతే కాంట్రాక్ట్‌పై సంరక్షకుడు సంతకం చేయాలి.

ఒప్పందం మూడు పక్షాల మధ్య ఉండాలి: కాలేజీ, కంపెనీ, విద్యార్థి. మైనరైతే తల్లి లేదా తండ్రి కూడా. అందులో ఇవి ఉండేలా చూడండి:

1. ట్రైనింగ్ మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, చిరునామా. వేరే యూనిట్‌కో కాంట్రాక్టర్ సైటుకో పంపాలంటే కాలేజీ రాతపూర్వక అనుమతి ఉండాలి.
2. పని గంటలు, వారపు సెలవు. మైనర్లకు విడిగా. పెద్దవాళ్లకు వారానికి 48 గంటలు మించకుండా.
3. చేయాల్సిన పనులు, చేయకూడని పనులు. రెండో జాబితాయే ముఖ్యం.
4. సేఫ్టీ షూ, హెల్మెట్, గాగుల్స్ ఎవరిస్తారు? కంపెనీయే ఉచితంగా ఇవ్వాలని రాయండి.
5. ప్రమాదం జరిగితే మొదటి చికిత్స ఖర్చు ఎవరిది? ఇన్సూరెన్స్ ఎవరు తీసుకుంటారు? ఎంతకు?
6. ప్రమాదం గురించి కాలేజీకి ఎంతసేపట్లో చెప్పాలి? మేం ‘ఒక గంటలోపు’ అని రాస్తాం.
7. స్టైపెండ్ ఉంటే ఎంత, ఏ తారీఖున, బ్యాంకు ఖాతాలోనా?
8. విద్యార్థి భద్రతకు ముప్పు అనిపిస్తే అదే రోజు వెనక్కి పిలిపించే హక్కు కాలేజీకి ఉంటుందని.

ఎనిమిదోది చాలామంది మర్చిపోతారు. మాకు ఎక్కువసార్లు అక్కరకొచ్చింది అదే.

## 5. ఇన్సూరెన్స్ విషయంలో ఊహల మీద ఉండకండి

‘కంపెనీలో ఈఎస్ఐ ఉంది కదా’ అంటారు. విద్యార్థిగా వెళ్లినవాడి పేరు ఈఎస్ఐలో ఉండదు. అప్రెంటిస్‌ల చట్టం కింద ఉన్నవాణ్ని కూడా ఈఎస్ఐ ఉద్యోగిగా లెక్కించరు. కాలేజీలో కట్టిన గ్రూప్ పాలసీ క్యాంపస్ లోపలికే పరిమితమై ఉండొచ్చు. ఎక్కడా పేరు లేకపోతే ఆసుపత్రి బిల్లు నేరుగా ఇంటికే వస్తుంది.

పద్దెనిమిది నిండినవారి చేత బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన తీయించండి. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు, పాక్షికమైన శాశ్వత వైకల్యానికి లక్ష. కానీ జాగ్రత్త: ఇది జూన్ 1 నుంచి మే 31 వరకే. ట్రైనింగ్ మధ్యలో గడువు అయిపోతే ఖాతాలో రెన్యువల్‌కు డబ్బుండాలి. ఇది ఆసుపత్రి ఖర్చు కూడా ఇవ్వదు. మైనర్లకు వర్తించదు.

అందుకే కాలేజీ తరఫున గ్రూప్ వ్యక్తిగత ప్రమాద పాలసీ తప్పదు. ఏజెంటును ఈ నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు మెయిల్‌లో రాయించుకోండి:

- పని స్థలంలో, మెషిన్ దగ్గర జరిగిన ప్రమాదానికి వర్తిస్తుందా?
- ఇంటి నుంచి కంపెనీకి వెళ్లే దారిలో జరిగితే?
- ఆసుపత్రి ఖర్చు ఎంతవరకు? వేలు పోవడం లాంటి పాక్షిక నష్టానికి ఎంత?
- మైనర్లు కూడా ఇందులో ఉన్నారా?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ అర్హత ఉన్నవాళ్లు ఆ వివరాల ఫొటో ఫోన్‌లో ఉంచుకోవాలి. అప్పటికప్పుడు ఊరి నుంచి తెప్పించుకోవడం కుదరదు.

## 6. పంపే ముందు రెండు రోజులు క్లాసు తీసుకోండి

దీన్ని ‘ఓరియెంటేషన్’ అని పేరు పెట్టి ముఖ్య అతిథి ఉపన్యాసంతో ముగించకండి. కాలేజీ వర్క్‌షాపులోనే, మెషిన్ ముందు నిలబెట్టి చెప్పండి.

మెకానికల్ వాళ్లకు: లేత్, డ్రిల్లింగ్, మిల్లింగ్ దగ్గర గ్లవ్స్ వద్దు. చాలామంది గ్లవ్స్ వేసుకోవడమే భద్రత అనుకుంటారు. మావాడి వేలు పోయింది అందుకే. ఉంగరం, కడెం, చేతి దారాలు, మెడలో గొలుసు తీసేయాలి. చున్నీ వద్దు, జుట్టు ముడి వేసి టోపీ పెట్టాలి. చక్‌లో తాళం చెవి వదిలేసి మెషిన్ ఆన్ చేయకూడదు. ఇనుప రజను చేత్తో తీయకూడదు, బ్రష్ వాడాలి.

ఎలక్ట్రికల్ వాళ్లకు: ‘ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సప్లై ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకున్నాం’ అని ఎవరో అంటే నమ్మి చేయి పెట్టకూడదు. సప్లై ఆపారా, స్విచ్‌కు తాళం, ట్యాగు వేశారా, టెస్టర్‌తో చూశారా, ఎర్త్ చేశారా అని నాలుగూ కళ్లతో చూడాలి. స్తంభం ఎక్కడం, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీదికి వెళ్లడం విద్యార్థి పని కాదు. ఒప్పందంలో ‘చేయకూడని పనుల’ జాబితాలో మొదట రాయాల్సింది ఇదే.

సివిల్ వాళ్లకు: హెల్మెట్ పెట్టుకుంటే చాలదు, గడ్డం పట్టీ బిగించాలి. ఊత కట్టని గోతిలోకి దిగకూడదు. పైన సెంట్రింగ్ విప్పుతుంటే కింద నడవకూడదు. సంపులోకో సెప్టిక్ ట్యాంకులోకో ఎవరు చెప్పినా దిగకూడదు. లోపల పడినవాణ్ని కాపాడదామని కూడా దిగకూడదు. అలా దిగి ఒకరి వెనక ఒకరు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

కంప్యూటర్ బ్రాంచ్ వాళ్లకు: వీళ్లకు ప్రమాదాలేముంటాయి అనుకోవద్దు. డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ అమ్మే ‘ఇంటర్న్‌షిప్’లు వీళ్లకే ఎక్కువగా తగులుతాయి. ట్రైనింగ్ ఇస్తామని డబ్బు అడిగినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామన్నా అక్కడికి పంపకండి. కంపెనీ పాస్‌వర్డ్‌లు, కస్టమర్ డేటా సొంత ఫోన్‌లోకి ఎక్కించుకోవద్దని కూడా చెప్పండి.

అన్ని బ్రాంచ్‌లకూ ప్రథమ చికిత్సలో కనీసం ఇవి చేయించి చూపించండి:

- షాక్ కొట్టినవాణ్ని ముట్టుకోకుండా ముందు సప్లై ఆపాలి.
- కాలినచోట ఇరవై నిమిషాల పాటు కుళాయి నీరు పోయాలి. టూత్‌పేస్టు, ఇంకు రాయకూడదు.
- కంట్లో రసాయనం పడితే కనీసం పదిహేను నిమిషాలు నీళ్లతో కడుగుతూనే ఉండాలి.
- వేలు తెగితే తెగిన ముక్కను శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్‌ను మంచులో ఉంచి ఆసుపత్రికి పట్టుకెళ్లాలి. నేరుగా మంచులో వేయకూడదు.

చివర్లో ఒక వాక్యం బిగ్గరగా అనిపించండి: ‘సార్, నాకు ఈ పని నేర్పలేదు, నేర్పితే చేస్తాను.’ నవ్వుతారు, నవ్వనివ్వండి. సూపర్‌వైజర్ ముందు ఈ మాట పెగలకే చాలామంది తెలియని మెషిన్ మీద చేయి పెడతారు.

## 7. రాకపోకలు, బస

ట్రైనింగ్‌కు వెళ్లే పిల్లల విషయంలో మెషిన్ కన్నా రోడ్డే నన్ను ఎక్కువ భయపెడుతుంది. తెల్లవారుజామున షిఫ్ట్, కొత్త ఊరు, స్నేహితుడి బండి, ముగ్గురు.

- లైసెన్సు లేనివాడు బండి నడపడని తల్లిదండ్రులతో రాయించుకోండి. మైనర్‌కు బండి ఇస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా పడొచ్చని వాళ్లకు చెప్పండి.
- బస్సు, కంపెనీ వ్యాన్ ఉన్నచోటికే దూరపు పిల్లలను వేయండి.
- అద్దె గదుల చిరునామా, ఓనర్ నంబర్ ఫైల్లో ఉండాలి.
- రోడ్డు ప్రమాదమైతే, 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స దొరుకుతుంది. ఆసుపత్రిలో ఆ మాట గట్టిగా అడగాలి.

## 8. అమ్మాయిల విషయంలో, వేధింపుల విషయంలో

పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల 2013 చట్టంలో ‘ఉద్యోగి’ అంటే ట్రైనీ, అప్రెంటిస్ కూడా. జీతం ఉన్నా లేకున్నా. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు.

కంపెనీకి వెళ్లినప్పుడే కమిటీ సభ్యుల పేర్ల కాగితం అడిగి ఫొటో తీసుకోండి. ‘ఉంది సార్, ఎక్కడో ఉంది’ అంటే లేదనే లెక్క.

బాధితులు పద్దెనిమిది నిండనివారైతే అది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం కిందికి వస్తుంది. అమ్మాయైనా అబ్బాయైనా అంతే. తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడమూ నేరమే. సంస్థ అధిపతి తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిపెడితే ఏడాది వరకు శిక్ష పడొచ్చు. ‘కాలేజీ పరువు’ అని కంపెనీతో లోపాయికారీగా సర్దుబాటు చేసే ప్రిన్సిపాళ్లు ఈ మాట రెండోసారి చదవండి.

విద్యార్థుల ఫోన్లలో ఉండాల్సిన నంబర్లు: 112 (అత్యవసరం), 108 (అంబులెన్స్), 181 (మహిళల హెల్ప్‌లైన్), మైనర్లకు 1098, వీటితోపాటు కాలేజీలో ఒక మేడమ్ నంబర్. ఒకే ఊరికి ఒక అమ్మాయిని ఒంటరిగా వేయకండి.

## 9. మొదటి పది రోజులు

ఎక్కువ లోపాలు బయటపడేది ఇప్పుడే. మూడో రోజు ప్రతి విద్యార్థికీ ఫోన్ చేయండి. ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది సార్’ అంటాడు. అలా కాదు, ఇలా అడగండి:

- నిన్న ఏ మెషిన్ మీద పని చేశావు? ఎవరు నేర్పారు?
- ఎన్నింటికి వెళ్లావు, ఎన్నింటికి బయటికొచ్చావు?
- షూ ఇచ్చారా, కొనుక్కోమన్నారా?
- మంటలు లేస్తే ఎటు పరుగెత్తాలో, అసెంబ్లీ పాయింట్ ఎక్కడో చెప్పు.

నాలుగో ప్రశ్నకు తడబడితే కంపెనీ భద్రతా పాఠం చెప్పలేదని అర్థం. అదే రోజు సూపర్‌వైజర్‌కు ఫోన్ చేయండి.

పదో రోజులోపు లెక్చరర్ ఒకసారి చెప్పకుండా వెళ్లాలి. తర్వాత నెలకోసారి. లాగ్‌బుక్‌లో ‘ఈ రోజు తప్పిన ప్రమాదం’ అని ఒక గడి పెట్టించండి. మొదట ఎవరూ రాయరు. ఒకరు రాయగానే మిగతావాళ్లు మొదలుపెడతారు.

## 10. ప్రమాదం జరిగితే

మొదటి గంట. 108 లేదా కంపెనీ వాహనం, ఏది ముందు వస్తే అది. దగ్గర్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి కాదు, ఆసుపత్రికి. తోటి విద్యార్థి ఒకరు వెంట వెళ్లాలి. తల్లిదండ్రులకు ఫోన్ చేయాల్సింది లెక్చరర్, కంపెనీ గుమాస్తా కాదు.

ఆ రోజే. ఆసుపత్రిలో ‘బాత్‌రూమ్‌లో జారిపడ్డాడు’ అని రాయించమని ఎవరైనా చెప్పొచ్చు. ఒప్పుకోకండి. ఎక్కడ, ఏ పని చేస్తుండగా జరిగిందో ఉన్నదున్నట్టు ఎమ్మెల్సీలో (ఆసుపత్రి రాసే మెడికో లీగల్ కేసు రికార్డు) రాయించాలి. ఇన్సూరెన్స్, పరిహారం అన్నీ ఆ ఒక్క వాక్యం మీదే నిలబడతాయి. మెషిన్, గార్డు, నేల ఫొటోలు తీసుకోండి. రేపటికి గార్డు బిగించేస్తారు.

వారంలోపు. గాయపడినవారు 48 గంటలు, అంతకు మించి పనికి రాలేని స్థితిలో ఉంటే ఫ్యాక్టరీ యాజమాన్యం తనిఖీ అధికారికి తెలపాలి. తెలిపారా అని రాతపూర్వకంగా అడిగి కాపీ తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి సమాచారం గడువులోపు మెయిల్ చేయండి. అదే యూనిట్‌లో ఉన్న మిగతా విద్యార్థులను కారణం తేలేదాకా వెనక్కి పిలవండి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

కాంట్రాక్టర్‌కు అప్పగించడం. గేట్‌పాస్ మీద కంపెనీ పేరు కాక కాంట్రాక్టర్ పేరుంటే వెంటనే ఆపి, కంపెనీ పేరుతో మార్పించండి.

రాత్రి షిఫ్ట్. ‘అప్పుడే మెషిన్ ఖాళీ’ అంటారు. నేర్పే సూపర్‌వైజర్ రాత్రి ఉండడు. మైనర్లకు కుదరదనే చెప్పాలి. పెద్దవాళ్లకు కూడా మేం ఒప్పుకోం.

హాజరు కోసం భయపెట్టడం. ఇది మన తప్పే. ‘ఒక్కరోజు మానినా మార్కులు పోతాయి’ అని మనం బెదిరిస్తే, భద్రత లేని చోట కూడా పిల్లవాడు నోరెత్తడు. ప్రమాదం అనిపించి పని ఆపినందుకు మార్కులు తగ్గవని రాతపూర్వకంగా ఇవ్వండి.

స్టైపెండ్ గొడవ. మూడు నెలలు ఇవ్వకుండా ఆపి, చివర్లో సర్టిఫికెట్‌తో ముడిపెడతారు. రెండో నెలలోనే అడగండి.

సర్టిఫికెట్ ఇవ్వకపోవడం. హాజరు పట్టీ మీద, లాగ్‌బుక్ మీద ప్రతి వారం సూపర్‌వైజర్ సంతకం ఉంటే, సర్టిఫికెట్ ఆలస్యమైనా కాలేజీ మార్కులు వేయగలదు. చివరి రోజున ఆరు నెలల సంతకాలు ఒకేసారి పెట్టించుకునే అలవాటు మాన్పించండి.

## 12. విద్యార్థి పేరున ఉండాల్సిన ఫైలు

- పుట్టిన తేదీ ఉన్న మెమో నకలు
- మూడు పక్షాల ఒప్పందం
- తల్లిదండ్రుల సమ్మతి (బాధ్యత వాళ్ల మీదికి నెట్టే బాండ్ కాదు)
- ఇన్సూరెన్స్ పాలసీ నంబర్, గడువు తేదీ
- బ్లడ్ గ్రూప్, అలర్జీలు, మూర్ఛ లాంటి జబ్బులు ఉంటే ఆ వివరం
- మనం చూసి వచ్చినప్పుడు రాసుకున్న కాగితం, ఫొటోలు
- సూపర్‌వైజర్, అంతర్గత కమిటీ నంబర్లు
- గది చిరునామా, ఇంటివాళ్ల రెండు నంబర్లు

ఒక సెట్ కాలేజీలో, ఒకటి విద్యార్థి దగ్గర ఉంచండి. జబ్బుల వివరం మాత్రం కంపెనీకి మొత్తం ఇవ్వకండి, సూపర్‌వైజర్‌కు అవసరమైనంతే చెప్పండి. ట్రైనింగ్ ముగిశాక ఫైలు పారేయకండి. మావాడి పరిహారం కోసం తిరుగుతున్నప్పుడు ఆఖరికి పనికొచ్చింది, తోటి విద్యార్థి తన లాగ్‌బుక్‌లో ఆ రోజు రాసుకున్న మూడు లైన్లు.